మొదటి క్లయింటు

పెద్దావిడ కుర్చీ అంచున కూర్చుంది. శిక్షణలో ఉన్న కౌన్సెలరమ్మాయికి ఆవిడే మొదటి క్లయింటు.

"ఏం చెప్పాలమ్మా నేను?"

"మీకు ఏది చెప్పాలనిపిస్తే అది. తొందరేం లేదండీ."

ఆవిడ ఆ కౌన్సెలరమ్మాయి ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కూతురి గురించి మెల్లగా మొదలుపెట్టింది. జ్వరమని ఆస్పత్రిలో చేరిన పిల్ల మళ్ళీ ఇంటికి రాలేదట. గది ఖాళీ చెయ్యమని అందరూ పోరుపెడుతున్నారట. అన్నీ సర్దేసింది, ఒక్కటి తప్ప.

"దాని దువ్వెనలో నాలుగు వెంట్రుకలున్నాయమ్మా. అవి తీసేస్తే అది పూర్తిగా వెళ్ళిపోతుందేమోనని భయం."

క్లయింటు ముందు ఏడవకూడదని క్లాసులో చిలక్కి చెప్పినట్టు చెప్పారు. కన్నీళ్ళకి ఆ పాఠం ఎక్కలేదు. అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుంది. తమ్ముడు పోయినప్పుడు అమ్మను ఓదార్చే పనిలో పడి తాను ఏడవనేలేదని, అంతవరకూ ఎవరితోనూ అనని మాట ఆవిడతో అనేసింది. బల్ల మీద క్లయింట్ల కోసం పెట్టిన కాగితపు రుమాళ్ళు సగం తనే వాడేసింది. గుండెల మీంచి బండ దించినట్టయింది.

మధ్యాహ్నం క్యాంటీన్లో ఆవిడ మళ్ళీ కనబడింది. కాలేజీ ఆఫీసు వాళ్ళతో కూర్చుని టీ తాగుతోంది.

"క్లయింటా పాడా! నాటకాల్లో వేషాలు వేస్తుందిట. మనల్ని పరీక్షించడానికి పిలిపించారు" అంది పక్కనున్న స్నేహితురాలు, నవ్వుతూ.

అమ్మాయికి ఒళ్ళు భగ్గుమంది. కన్నతల్లికి కూడా చూపించని కన్నీళ్ళు అవి. బూడిదలో పోసిన పన్నీరయ్యాయి.

పెద్దావిడ ఆమెను చూసి, కప్పు వదిలేసి గబగబా వచ్చింది.

"అమ్మా, ఒక్క మాట..."

"బాగా చేశారండీ" అంది అమ్మాయి. "వేషం కోసం కూతుర్ని కూడా చంపేశారు."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆవిడ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అమ్మాయి తిన్నగా ప్రొఫెసరు గదికి వెళ్ళింది. క్లయింటు నమ్మకం ఎలా నిలబెట్టుకోవాలో ఏడాదంతా పాఠాలు చెప్పి, చివరికి తననే నమ్మించి గొంతు కోశారని ముఖం మీదే అనేసింది. ఈ చదువు తనకి వద్దంది.

ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. ముందే చెబితే అది పరీక్ష ఎలా అవుతుందని, అందరికీ ఇలాగే పెడతామని సర్దిచెప్పాడు. తానూ చిరాగ్గానే ఉన్నాడు. గదిలో కెమెరా తీసిన రికార్డింగు ఇప్పుడే చూశాడట. ఈ పరీక్ష చెల్లదట, ఇంకొకర్ని పిలిపించి మళ్ళీ పెట్టాలట.

"నేను ఏడ్చినందుకా సార్?"

"తప్పు నీది కాదమ్మా, ఆవిడదే" అన్నాడు ప్రొఫెసరు. "మేం ఇచ్చింది కోడలితో పడని అత్తగారి వేషం, అందులో కూతురి ఊసే లేదు."