మూడోసారి పొంగిన రంగు

భూపేష్ పెళ్ళి చేసుకున్నది శిల్పనే గానీ, కాపురం చేసేది మాత్రం కారుతో. పొద్దున లేస్తూనే దాని ముఖం చూడాలి. దాన్ని తుడవడానికి ఒక మెత్తటి నీలం గుడ్డ ఉంది. ఇంట్లో ఇంకెవరూ ఆ గుడ్డను ముట్టుకోకూడదు. ఒకసారి శిల్ప పొరపాటున దాంతో గ్యాస్ పొయ్యి తుడిచిందని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉండిందనేది వేరే సంగతి. శిల్ప ఎర్రగుంట్ల నుంచి కడప కాలేజీకి తెలుగు పాఠం చెప్పడానికి ఆ కారులోనే పోతుంది. రోజూ తాళం చేతికిస్తూ “గీతలు పడకుండా చూడు” అంటాడే గానీ, “నువ్వు జాగ్రత్త” అని ఒక్కనాడూ అనడు.

అట్లాంటి కారు బానెట్ మీద రంగు మూడోసారి పొంగింది. అదే ఎడమ మూల, అవే బుడగలు.

యూసుఫ్ పెయింటింగ్ షెడ్డుకు ఎప్పుడూ భూపేషే తోలుకుపోయేవాడు. ఈసారి సిమెంటు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. అత్త ఉరుకుందమ్మను కంటి డాక్టరుకు చూపించి, వచ్చే దారిలో శిల్పే కారును షెడ్డు ముందు ఆపింది.

యూసుఫ్ ఎదురు రాలేదు. స్ప్రే గన్నును కడిగి, తుడిచి, అట్టపెట్టెలో సర్దుతున్నాడు.

“పొద్దున్నుంచి రెండు బండ్లు వెనక్కి పోయినాయమ్మా. మీ ఫ్యాక్టరీ వాళ్ళవే. సారు ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో ఏందో పెట్టినాడంట గదా.”

శిల్ప తల దించుకుంది. యూసుఫ్ మోసం చేశాడు, ఎవరూ అక్కడికి పోవద్దని నిన్న భూపేష్ రాసినదాన్ని దిద్దిపెట్టింది తనే. అప్పుడు ఆమెకు అక్షరదోషాలు తప్ప ఇంకే దోషమూ కనిపించలేదు.

“ఈ బానెట్ ఇనుము గాదమ్మా, అల్యూమినియం. ఇనుమైతే ఎర్రగా తుప్పు పట్టి ముందే చెప్తాది. ఇది రంగు కిందనే తెల్లగా పొడైపోయి, పొంగినాకనే తెలుస్తాది. ఇనుముకు వాడిన గరుకు కాగితం గూడా దీనికి తగలనీలే నేను. ముప్పై ఏండ్ల పని. అయినా పొంగిందంటే నా చెయ్యి చెడిపోయినట్లే. ఇంగ చాలు, షెడ్డు మూసేస్తాండా.”

అంతలో భూపేష్ ఫోన్ చేశాడు. శిల్ప షెడ్డులో ఉన్నానని చెప్పి స్పీకరు నొక్కింది.

“ఏం యూసుఫ్ భాయ్, అడుగు పూతకు నాసిరకం ప్రైమరు కొట్టింటావు. ఒప్పుకో, పోతాది!”

“చేసింటే గదా సార్ ఒప్పుకునేది.”

“అయితే గాలికి పొంగిందా?”

యూసుఫ్ శిల్ప వైపు తిరిగి, “ఒక్కసారి లోపలి పక్క చూసి పంపిస్తానమ్మా” అని బానెట్ ఎత్తాడు.

“ఏం చప్పుడది? బానెట్ ఎత్తినారా?” భూపేష్ గొంతు ఉన్నట్టుండి సన్నబడింది. “ఇప్పుడెందుకు, దించేయండి. ఆదివారం నేనొస్తా గదా!”

అప్పటికే యూసుఫ్ చెయ్యి ఎడమ మూలకు పోయింది. నల్లదారంతో కట్టిన చిన్న మూట ఒకటి చేతికి తగిలింది, తడిసి ముద్దగా ఉంది. వేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాడు.

“రాళ్ళుప్పు. తేమ పీల్చి, కారి, అంచు లోపలికి దిగతాంది. ఇంగ అల్యూమినియాన్ని తినకుండా ఉంటాదా?”

శిల్ప పక్కనే నిలబడిన అత్తను చూసింది. కొడుకు “దిష్టీ లేదు, గిష్టీ లేదు” అని ఎంత ఎగతాళి చేసినా, ఆ ఇంట్లో ఉప్పుతో దిష్టి తీసేది ఆమె ఒక్కతే.

“నువ్వేనా అత్తా?”

“నేనా? ఆ మూత యాడ నొక్కితే లేస్తాదో నాకేం తెలుసు మే? నేను దిష్టి తీసిన ఉప్పు నీళ్ళల్లో కలుపుతా గానీ మూట కట్టి దాచుకోను. ముందు ఆ గుడ్డ చూడు.”

యూసుఫ్ మూటను వెలుతురులోకి పట్టాడు. మురికి కింద మెత్తటి నీలం కనపడింది.

“ఇది కారు తుడిచే గుడ్డే గదా!” అంది శిల్ప ఫోన్లోకి.

“ఆ మూట కట్టింది నేనే. షెడ్డుకొచ్చే ముందు ప్రతిసారీ విప్పి దాచిపెడతాంటి,” అన్నాడు భూపేష్. “మీరు చూస్తే నవ్వుతారని. నీ చేతిలో ఏం తప్పు లేదు భాయ్. గ్రూపులో ఇప్పుడే రాస్తా.”

“పోయిన బండ్లు పోయినాయిలే సార్.” యూసుఫ్ మూటను మెల్లగా శిల్ప చేతిలో పెట్టాడు. “అయినా ఒక కారు కోసం ఇంత భయమా?”

“తప్పు నాదే భాయ్. కానీ అది కారుకు కట్టింది గాదు. కడప రోడ్డులో ఆ సిమెంటు లారీల మధ్యన శిల్ప రోజూ ఒక్కతే పోతాంటాది గదా.”