మళ్ళీ మొదటికే

అరచేతంత బోర్డు. కరెంటు ఇస్తే అందులో దాన్ని నడిపే లైనక్స్ సాఫ్ట్‌వేర్ లేవాలి. లేవదు. తెర మీద తెల్లటి వరుసలు గబగబా దిగుతాయి, సగంలో ఆగుతాయి, మళ్ళీ మొదటి వరుస నుంచి మొదలవుతాయి.

"ఇగో, మళ్ళ గదే," అంది తిరుమల ఏడుపు గొంతుతో.

బొగ్గుబాయిలో విషపు గ్యాసు చేరితే ముందే చెప్పే పెట్టె కోసం ఆ బోర్డు. ఇంజనీరింగు చివరి ఏడాది ప్రాజెక్టు. శనివారం సార్లకు చూపించకపోతే ఏడాది పోయినట్టే.

బాగుచేయడానికి వచ్చినవాడు పక్క క్వార్టర్ సారక్క కొడుకు జగదీశ్వర్. తిరుమల క్లాసే. బోర్డులోని మెమరీ కార్డు తీసి తుడిచి పెట్టాడు. అంతా చెరిపి మళ్ళీ ఎక్కించాడు. "పవర్ సాలుతలేదేమో," అని అడాప్టరు కూడా మార్చాడు.

తిరుమల తల్లి రాజకుమారి వంటింటి గడపలో నిలబడి బోర్డును కాదు, ఆ పిల్లగాడి చేతులనే చూస్తోంది. వెనక చాయ మరుగుతోంది.

ఆమె అనుమానానికి కారణముంది. జగదీశ్వర్ వాళ్ళింట్లో ఆ బోర్డు నిక్షేపంగా లేస్తుంది. తిరుమల కళ్ళారా చూసొచ్చింది. గోడ దాటి ఇటు వస్తే పడకేస్తుంది.

"సార్ల ముంగట గిట్ల పండుకుంటే ఎట్లనే అమ్మా?"

జగదీశ్వర్ ప్రాజెక్టు కూడా శనివారమే. మొదటి ర్యాంకుకు పోటీ వాళ్ళిద్దరికే.

"మీ ఇంట్ల నడిచేది మా ఇంట్ల ఎందుకు నడవదే?" పంపు దగ్గర సారక్కను అడిగేసింది రాజకుమారి.

"మా ఇంట్ల దేవుడున్నడు," అని నవ్వింది సారక్క.

వంటకు గ్యాసు బండ కొన్నప్పటి నుంచీ సారక్క నడకే మారిందని రాజకుమారికి మంట. ఆ నవ్వు ముల్లులా దిగింది.

అయినా మర్యాద తప్పలేదు. పిల్లగాడు వచ్చినప్పుడల్లా చాయ. అది దించగానే, డ్యూటీ దిగి వచ్చే భర్తకు అన్నం ఎక్కించేది.

"గా పిల్లగాడే ఏదో పీకుతున్నడు," అంది గురువారం భర్తకు వడ్డిస్తూ.

"ఉత్తగ నిందలేయకు," అన్నాడు సదానందం. "రోజొచ్చి కష్టపడుతుండు."

"నువ్వు బొగ్గును చూస్తవ్. నేను మనుషులను చూస్త."

శుక్రవారం జగదీశ్వర్ రాగానే రాజకుమారి వంటింటి వైపు పోలేదు. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, చాయ?" అంది తిరుమల.

"దొంగకు చాయెందుకు?"

తిరుమల ముఖం మాడిపోయింది. జగదీశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. స్విచ్చి వేశాడు.

వరుసలు దిగాయి. సగం దాటాయి. చివరి వరుస కూడా వచ్చింది. బోర్డు మీద ఆకుపచ్చ దీపం నిలకడగా వెలిగింది.

"సూశినవా?" రాజకుమారి తొడ చరిచింది. "ఎదురుంగ కూసుంటే దొంగ చెయ్యి లేవలే!"

జగదీశ్వర్ ఆమె వైపు చూడలేదు. బోర్డు ప్లగ్గు పక్క నుంచే వంటింట్లోకి పోతున్న పాత వైరు వెంట అతని చూపు పాకింది. చల్లగా పడున్న కరెంటు హీటరు పొయ్యి దగ్గర ఆగింది.

"చిన్నమ్మా, ఇన్ని రోజులు కరెంటంత గుంజుకొని నీ బిడ్డ బోర్డును పండబెట్టింది నువ్వు నాకు పెట్టిన చాయనే."