మొగ దగ్గర చేపలు

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఈ గట్టున గూడబాతు, ఆ గట్టున నీటికాకి పిల్లల్ని పెంచుకునేవి. గుడ్లతో ఏరెక్కే చేపను ముట్టరాదన్నది రెండు గట్ల కట్టుబాటు. అది గుడ్లు పెడితేనే మరుసటి ఏటికి మేత.

ఒక ఏడు గూడబాతు గుడ్ల చేపను పట్టింది.

"ఏం బావా, కట్టుబాటు మింగేశావా?" అంది నీటికాకి.

"నేను వదిలితే నువ్వు మింగవూ?"

"అంత మాటన్నావు గనక ఇక మింగుతాను!"

ఆ పంతంలో ఒక్క చేపా ఏరెక్కలేదు.

మరుసటి ఏడు నీటికాకి పిల్లలతో వలస కట్టింది. "బావా, ఈ నీళ్లన్నీ ఇక నీవే, ఏలుకో!" అని అరిచింది.

గూడబాతు నోటిసంచిలో పిల్ల తల దూర్చి, మేత కోసం ఇంకా వెతుకుతోంది.