ఎనిమిదింటి పాఠకుడు

“ఇవాళా వచ్చాడు!” లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే కేకేశాడు సీతారామారావు.

“ఎవరండీ, మంచు తీసేవాడా?” వంటింట్లోంచి అడిగింది పద్మిని.

“నా పేజీకి! ఓక్‌విల్ నుంచి. వారం రోజులుగా గమనిస్తున్నా, పొద్దున ఎనిమిదింటికి, ఠంచనుగా.”

సీతారామారావు కెనడాలోని ఒషావాలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ‘బోధన, పరిశోధన ఆసక్తులు’ అని ఆయనకో పేజీ ఉంది. ఆసక్తులు పెళ్లి విందులో వంటకాల్లా పదిహేడు. పేపరు రాసి మాత్రం ఆరేళ్లయింది. ‘రీసెర్చ్ వదిలేసి పాఠాలు చెప్పుకోండి, ల్యాబ్ కొత్తవాళ్లకిద్దాం’ అంటూ డిపార్ట్‌మెంట్ హెడ్ పంపిన కాగితం సంతకం కోసం బల్లమీదే ఉంది. ఆ దిగులులోనే ఆయన తన పేజీ ఎవరు చూస్తున్నారో వెతికాడు. ఇద్దరే. ఒషావా నుంచి ఒకరు, అది తనే. రెండోవారు ఈ ఓక్‌విల్.

“నాన్నా, ఇట్స్ జస్ట్ వన్ పర్సన్,” అంది కూతురు ఇషిత.

“ఒక్కడు చాలమ్మా!”

సంతకం పెట్టలేదు. ఆ ఒక్కడి కోసం పేజీ బూజు దులపడం మొదలుపెట్టాడు. తనకే అర్థం తెలియని ఆసక్తులు తీసేశాడు. కొత్త ఫొటో దిగి, పొట్ట కనపడకుండా కత్తిరించాడు. చివరికి నిజమైన ఆసక్తి ఒక్కటే మిగిలింది: తక్కువ మెమరీ ఉన్న చిన్న మెషీన్‌తో బోలెడు డేటాలో వెతికించడం. ఆసక్తి అన్నాక ఏదో ఒకటి చెప్పాలిగా! రోజుకో పేరా రాసి పేజీలో పెట్టేవాడు. మర్నాడు ఎనిమిదింటికి ఓక్‌విల్ వచ్చి చూసేది. చూశాడని తెలిస్తే గానీ ఆయనకి కాఫీ రుచించేది కాదు.

నాలుగు నెలల్లో ఆ పేరాలే పేపరయ్యాయి. మంచి జర్నల్ వేసుకుంది. ల్యాబ్ నిలిచింది.

ఆనందం పట్టలేక పేజీ చివర తన నంబరిచ్చి రాశాడు: ‘రోజూ ఎనిమిదింటికి వచ్చే మిత్రమా, ఇదంతా మీ చలవే. ఒక్కసారి ఫోన్ చేయండి.’

పది రోజులకి ఫోన్ మోగింది.

“సార్, నేను గోపీకృష్ణ. మీ స్టూడెంట్‌ని. ఇప్పుడు ఓక్‌విల్‌లో జాబ్.”

“నువ్వా నాయనా! నా పాఠాలు ఒక్కడూ వినలేదనుకున్నాను. ప్రతి పేరా చదివావు!”

అవతల నసుగుడు. “అంటే... మీ పేజీ నేను చూడలేదు సార్. మెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ క్లీన్ చేస్తుంటే మీ మెసేజ్ కనపడింది. దాంతోపాటు మీ పేరాలు కూడా, వందకు పైనే. సారీ సార్, ఒక్కటీ ఓపెన్ చేయలేదు.”

“మరి రోజూ ఎనిమిదింటికి వస్తున్నదెవరు?”

“మీ పేజీలో రోజూ ఏం మారిందో చూసి నాకు మెయిల్ చేసే ప్రోగ్రామ్ సార్. థర్డ్ ఇయర్‌లో మీరిచ్చిన అసైన్‌మెంటే, ఆపడం మర్చిపోయా.”