మొండిది

ఓడ వెనక చెక్క మీద ఉన్న పాత పేరును ఉలితో చెక్కేస్తున్నారు.

ఆ పొట్టు గాలికి ఎగిరొచ్చి నేను ఆరేసిన చొక్కాల మీద పడుతోంది.

ఫ్రెంచి భాషలో దాని పేరుకి ‘మొండిది’ అని అర్థం. ఫ్రెంచి దీవి గ్వాడెలూప్ వాళ్ళ వేట ఓడ. ఇంగ్లీషు చక్కెర ఓడల్ని ఏళ్ళ తరబడి పట్టుకుపోయింది. చివరికి కెప్టెన్ హెస్కెత్‌కి చిక్కి మా ఆంటిగ్వా రేవుకి వచ్చింది.

ఇప్పుడు దాని మీదికి బరువైన ఫిరంగులు ఎక్కిస్తున్నారు. ఇకనుంచి అది ఇంగ్లండు రాజుగారి ఫ్రిగేట్, యుద్ధ ఓడ. దానికి కెప్టెన్ హెస్కెతే.

ఓడకి ఉద్యోగం దొరికింది. అందులోని మనుషుల్ని మాత్రం వేలానికి పెట్టారు.

తెల్లవాళ్ళని యుద్ధ ఖైదీలన్నారు. వాళ్ళు జ్వరమొచ్చి ఆస్పత్రిలోనే పోయారు. మిగిలినవాళ్ళు నాలాంటి నల్లవాళ్ళు. గ్వాడెలూప్‌లో బానిసత్వం తీసేశారు కాబట్టి అక్కడ వాళ్ళు స్వతంత్రులు. ఇక్కడ సరుకు.

మా అమ్మది డొమినికా దీవి, అక్కడా ఫ్రెంచే మాట్లాడతారు. అందువల్ల వాళ్ళ భాష నాకు వచ్చు. బట్టలు ఉతకడం అయ్యాక, వాళ్ళని పెట్టిన దొడ్డి దగ్గరికి కర్రపెండలం రొట్టెలు పట్టుకెళ్ళేదాన్ని.

వాళ్ళ ఫిరంగుల మేస్త్రి పేరు ఫ్లోరిమోన్. కంచె సందులోంచి రొట్టె అందుకుని తిప్పి చూశాడు.

“ఇది రొట్టేనా అక్కా, మా ఓడ చెక్కేమైనా ఊడదీసుకొచ్చావా?”

“నోర్మూసుకుని తిను. దవడలు గట్టిగా ఉంటే వేలంలో ధర బాగా పలుకుతావు.”

వెనకున్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు.

“రేపు కోర్టుకి రమ్మన్నారు నన్ను. ఓడ ఎవరిదో చెప్పాలంట. ఓడలోని మనిషెవరైనా ప్రమాణం చేసి చెప్తేగానీ అది వాళ్ళ రాజుది అవదంట.”

“నీ చేత ప్రమాణమా?”

“ఏం, నాకు నోరు లేదా?”

నేను బుట్ట కింద పెట్టాను.

“నా మొగుణ్ణి చెరకు తోటలో ఓవర్సీర్ కొట్టి చంపాడు. చూసింది నేనొక్కదాన్నే. నన్ను కోర్టు గుమ్మం ఎక్కనివ్వలేదు. బానిస ప్రమాణం ఈ దీవిలో చెల్లదన్నారు.”

అతను నమలడం ఆపేశాడు.

“ఎవరన్నారు?”

“రేపు నిన్ను అడగబోయే జడ్జీయే.”

మర్నాడు బట్టల మూట నెత్తిన పెట్టుకుని కోర్టు కిటికీ బయట నిలబడ్డాను.

గుమాస్తా గొణుగుతున్నాడు. “దొరా, వీణ్ణి వేలంలో అమ్మాలి కదా...”

“ముందు ప్రమాణం చేయించు. అమ్మేది తర్వాత చూద్దాం,” అన్నాడు హెస్కెత్. “తుఫానుల కాలం వచ్చేలోగా నేను బయల్దేరాలి.”

జడ్జీ తల ఊపాడు.

ఫ్లోరిమోన్ బైబిల్ మీద చెయ్యి పెట్టాడు. అతను చెప్పిందల్లా దుబాసీ ఇంగ్లీషులో వినిపించాడు.

“ఓడ గ్వాడెలూప్ వాళ్ళది. నేనూ, నాతో ఉన్నవాళ్ళూ అక్కడి పౌరులం, దాని సైనికులం. మీతో యుద్ధం చేశాం. ఓడిపోయాం.”

గుమాస్తా అంతా రాసుకున్నాడు. ఓడ ఇక రాజుగారిదని జడ్జీ తీర్పు చెప్పాడు. అందరూ హెస్కెత్ చెయ్యి పట్టుకుని ఊపారు.

సైనికుడు సంకెళ్ళు తెచ్చాడు.

“ఒక్క మాట, దొరా. నేను బానిసనా?” అన్నాడు ఫ్లోరిమోన్.

“కాకపోతే గవర్నరువా?” అన్నాడు హెస్కెత్. కోర్టంతా నవ్వింది.

“అయితే నా ప్రమాణం చెల్లదు. ఓడ మీది కాదు.”

నవ్వు ఆగిపోయింది.

“ప్రమాణం చెల్లిందంటారా, ఓడ తీసుకోండి. అప్పుడు మేం యుద్ధ ఖైదీలం. రెండూ ఒక్క ప్రమాణంలోనే చెప్పాను.”

హెస్కెత్ కిటికీ వైపు తిరిగాడు. ఓడ మీద కొత్త పేరు ఇంకా తడిగా మెరుస్తోంది.

జడ్జీ కూడా అటే చూశాడు. సంకెళ్ళు వెనక్కి తీసుకుపొమ్మని సైనికుడికి సైగ చేశాడు.

ఖైదీలను మార్చుకునే పడవ ఆ వారంలోనే గ్వాడెలూప్‌కి బయల్దేరింది. తనవాళ్ళతో ఎక్కబోతున్న ఫ్లోరిమోన్‌ని అడిగాను.

“ఓడని వాళ్ళ చేతుల్లో పెట్టేశావు కదా, తమ్ముడూ.”

అతను దాని వైపు చూడలేదు.

“అది మా మాటే ఏనాడూ వినలేదక్కా. వాళ్ళ మాట వింటుందా?”

వినలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అది రాజు జెండాతో తిరిగింది. మా రేవుకొచ్చిన ప్రతిసారీ నావికులు దాన్ని తిట్టుకుంటూనే దిగేవాళ్ళు. ఫిరంగుల బరువుకి కుంగిపోతుందట. గాలికి ఎదురు తిప్పబోతే మొరాయిస్తుందట.

పడవ వెళ్ళిన మర్నాడే హెస్కెత్ నన్ను పిలిపించాడు. పక్కన జడ్జీ కూర్చుని ఉన్నాడు. బల్ల మీద కొరడా, దాని పక్కన బైబిల్.

“ఆ దొడ్డి దగ్గరికి పోయినవాళ్ళలో వాళ్ళ భాష వచ్చింది నీకే. వాడికి అదంతా నూరిపోసింది నువ్వేనా?”

నేను కొరడా వైపు చూశాను.

“ఏమే, నిన్నే. చెయ్యి పెట్టు. దేవుడి మీద ప్రమాణం చేసి నిజం చెప్పు.”

బైబిల్‌ని నా వైపు తోశాడు.

తడి చేతులు గౌనుకి తుడుచుకున్నాను. వెనక్కి కట్టుకున్నాను. జడ్జీ కళ్ళలోకి చూశాను.

“నా ప్రమాణం చెల్లదని తమరే అన్నారు కదా, దొరా.”