అల్లుడి మైలేజీ

షావుకారు యార్డు గోడకి నల్లబోర్డు తగిలించాడు. నలభై లారీలు, నలభై మైలేజీలు. వరుసగా మూడు నెలలు అడుగున ఉన్న డ్రైవరు ఇంటికి పోవాల్సిందే.

లెక్క సులువు. ట్రిప్పు నుంచి వచ్చిన లారీకి యార్డు పంపు దగ్గర ట్యాంకు నిండా పోస్తారు. ఎన్ని లీటర్లు పడితే అన్ని తాగినట్టు.

అందరికీ లీటరుకి మూడున్నర కిలోమీటర్లు. అందరికన్నా పైన మామ, నాలుగున్నర. అందరికన్నా కింద ఆయన సొంత అల్లుడు, మూడుకి లోపు. ఇద్దరిదీ ఒకే దారి, ఒకే సరుకు.

"నీ లారీ తాగట్లేదురా, నువ్వే తాగుతున్నావ్!" అని తోటి డ్రైవర్లు ఎగతాళి చేసేవారు.

మామ మాత్రం ఒక్క మాట అనలేదు. అల్లుడి లారీ గేటు దాటగానే ఎదురెళ్ళేవాడు.

"తాళాలిటివ్వు అల్లుడూ. పంపు దగ్గర వరసలో నేను పెడతాలే. నువ్వెళ్ళి బిడ్డ మొహం చూసుకో."

"మీరూ ఇప్పుడేగా దిగారు మామయ్యా?"

"నాదీ నీదీ పక్కపక్కనే పెట్టేస్తా. పనెంతసేపు?"

రెండు నెలలు అలాగే గడిచాయి. మూడో నెల సగానికొచ్చింది. కూతురు చంటిదాన్ని చంకనేసుకుని మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

"నాన్నా, మైలేజీ రాదని తీసేసినవాణ్ణి ఇంకెవరు పెట్టుకుంటారు? ఆ కిటుకేదో ఈయనకీ చెప్పు."

మామ గడ్డం గోక్కున్నాడు. ఏదో ఒకటి చెప్పక తప్పదు.

"కొండ దిగేటప్పుడు ఇంజన్ ఆపెయ్ అల్లుడూ. బండి దానంతటదే జారుతుంది. చుక్క డీజిలు కాలదు."

"మరి బ్రేకులూ..."

"ముప్పై ఏళ్ళుగా తోలుతున్నా. పోయానా?"

అల్లుడు ఇంజన్ ఆపాడు. ఇంజన్ ఆగితే బ్రేకులకి గాలి నిండదు. ఉన్న గాలి నాలుగు వంపులకి సరిపోయింది. ఐదో వంపుకి మిగల్లేదు.

లారీని తుక్కుకి అమ్మారు. అల్లుణ్ణి ఇంటికి తెచ్చారు.

"మీలా తోలడం అందరికీ చేతనవుతుందా పెద్దాయనా?" అని షావుకారు భుజం తట్టాడు. మామ కళ్ళొత్తుకున్నాడు. నాలుగో రోజే మళ్ళీ బండెక్కాడు. కూతురూ, చంటిదీ ఇక ఆయన మీదే కదా.

తర్వాతి నెలాఖరున షావుకారు బోర్డు తుడిచి కొత్త అంకెలు రాశాడు.

అదే లారీ, అదే దారి, అదే సరుకు. తోడుకోవడానికి పక్కన అల్లుడి ట్యాంకు లేని ఆ నెల, మామకి లీటరుకి మూడున్నరే వచ్చింది.