మీసం మీద పందెం

"పదిహేడో నంబరు మూడేళ్లు నిలబడితే నా మీసం తీయించుకుంటాను!"

ఆస్పత్రి పరిశోధన విభాగంలో లెక్కలబాబు చేసిన శపథమిది. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లు రోజూ వేసుకునే మూడు మందులను రెండుకు తగ్గిస్తే, అవి ఎవరికి ఎక్కువకాలం పనిచేస్తాయో కంప్యూటరుతో ముందే లెక్కగట్టడం అతని ఉద్యోగం. పదిహేడో నంబరు రోగికి ఆ రెండు మందులూ మూడేళ్లు పనిచేయవని అతని లెక్క. ఇక అతని మీసమంటారా, దానికి వేరే దువ్వెన, వేరే నూనె!

"నిలబడతాడు. మీరు మంగలిని చూసుకోండి," అంది డాక్టరమ్మ.

"వాడి సంగతి మీకు తెలీదు మేడం. ఒట్టి బద్ధకిష్టి. వెనకటికి మందులు మానేసి వైరస్‌ని నెత్తికెక్కించుకున్నాడు. అది రెండు మందులకు లొంగుతుందా?"

ల్యాబులో రక్తం పరీక్షించే అక్కకు రోగుల పేర్లు తెలియవు. గొట్టాల మీద నంబర్లే వస్తాయి. పదిహేడో గొట్టం వచ్చిందంటే చాలు, లెక్కలబాబు గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు తమ్ముడూ? ఆ పదిహేడో నంబరు కంద ఏ మూలో హాయిగా గురకపెడుతుంటాడు. నీకేమిటి?" అనేది అక్క.

"మీసం అక్కా, మీసం!"

మూడేళ్ల పరీక్ష రానే వచ్చింది. అక్క ఒకటికి రెండుసార్లు చూసింది. పాపం మీసం, అనుకుంది.

"వైరస్ కనబడలేదు. పందెం పోయింది తమ్ముడూ."

లెక్కలబాబు ఎగిరి గంతేశాడు. అక్క చేతులు పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. "పోయింది! నా లెక్క తప్పింది! నిలువునా తప్పింది!" అని వరండా దద్దరిల్లేలా అరిచాడు. డాక్టరమ్మయితే ఏకంగా ఈలవేసింది.

పరుగున మంగలి షాపుకెళ్లి, నున్నటి మూతితో తిరిగొచ్చాడు. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు.

ఓడిపోయినవాడికి ఇంత సంబరమేమిటో అక్కకు అంతుపట్టలేదు. అయినా ఆ మూతి చూసి నవ్వాపుకోలేకపోయింది. అతను తెచ్చిన మిఠాయి పొట్లం విప్పుతూ, "ఆ కంద మహానుభావుడెవరోగానీ, ఎదురుపడితే ముందు వాడి నోరే తీపి చేస్తాను," అంది.

"నేను కత్తిపీటని కాదక్కా, ఆ కంద నేనే," అంటూ లెక్కలబాబు నోరు తెరిచాడు.